కదిలే నీటి కథ – ఒక పరిశీలన

అల ఒడ్డుకు వస్తుంటే నీరంతా ఎంతో దూరం నుంచి ప్రయాణించి వస్తోందనిపిస్తుంది. నిజానికి నడిసముద్రంలో ముందుకు సాగేది అల రూపం, దాని శక్తి. నీటి కణాలు దాదాపు ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతాయి. అమెరికన్ జీవశాస్త్రవేత్త రాచెల్ కార్సన్ 1951లో వెలువరించిన 'ది సీ అరౌండ్ అస్' ఇలాంటి విషయాలను సమీకరణాల జోలికి పోకుండా వివరిస్తుంది. అలలకు గాలి, ఆటుపోట్లకు చంద్రసూర్యుల ఆకర్షణ, ప్రవాహాలకు గాలి, ఎండ, భూభ్రమణం – ఈ కారణాలను వేర్వేరు అధ్యాయాలలో విడదీసి చూపడమే పుస్తకం బలం.

లోపాలు లేకపోలేదు. పసిఫిక్ ప్రాంతం నుంచి ఊడిపోయిన భాగమే చంద్రుడయిందన్న పాత ఊహకు మొదటి అధ్యాయం ఎక్కువ విలువనిచ్చింది. నేటి శాస్త్రజ్ఞులు దానిని అంగీకరించరు.

అయితే 1961 ముద్రణకు రాసిన ముందుమాట పుస్తకం విలువను పెంచింది. అణువ్యర్థాలను సముద్రంలో పారవేస్తే అవి పడినచోటనే ఉండిపోవని కార్సన్ అందులో హెచ్చరించారు. అల మోసుకుపోనిదాన్ని ప్రవాహం మోసుకుపోతుంది. ప్రవాహాల అధ్యాయం చదివినవారికి ఈ హెచ్చరిక ఎందుకో విడమరచి చెప్పనక్కరలేదు. విద్యార్థులు మొదటి అధ్యాయాన్ని జాగ్రత్తగా, మిగతావాటిని ఇష్టంగా, ముందుమాటను తప్పనిసరిగా చదవాలి.