పచ్చి బాలింతను పలకరించడం

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో పురుటింటికి వెళ్లినవాళ్లు ఏమడుగుతారో ముందే చెప్పొచ్చు. బిడ్డ పాలు తాగుతోందా, బరువెంత, ఎవరి పోలిక? తల్లిని అడిగేది పథ్యం గురించే. చెవుల్లో దూది (పత్తి సీమ కదా, దానికేం కొదవ), తలకు గుడ్డ, వెల్లుల్లి కారం. ఒంటికి లోటు చేయరు. బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టడం లేదని ఆ పిల్ల అంటే మాత్రం గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు.

ఆసుపత్రి కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. ఆదోని వైపు ఒకామె పనితనం చూశాను. బిడ్డను ముట్టుకునే ముందు "అత్తమ్మా, చేతులు కడుక్కోవాలి, కాస్త వేణ్ణీళ్లు పెడతారా" అని పెద్దావిడను వంటింట్లోకి పంపింది. త్రాసు సంచిలోంచి తీయనేలేదు. మంచం పట్టె మీద కూర్చుని, "నీకు నిద్ర పడుతోందా?" అంది. "బాగుందక్కా" అని జవాబు. ఆమె లేవలేదు. నీళ్లు కాగేలోపు అసలు జవాబు వచ్చింది: "దీన్ని చూస్తే నాకేమీ అనిపించడంలేదక్కా."

తొలి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం మామూలే. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే చూపించుకోవాలి. పొంతన లేని మాటలు, ఎవరో పిలుస్తున్నట్టు వినపడటం, చచ్చిపోవాలనిపించడం ఉంటే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దిగులు పసిగట్టడానికి ఎడిన్‌బరో స్కేలు అని 1987లో 10 ప్రశ్నలు తయారుచేశారు. మంచివే. అత్త ఎదుట అడిగితే పదింటికీ అబద్ధమే వస్తుంది.

పాకిస్తాన్‌లో రావల్పిండి పల్లెల్లో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకే ఇలాంటి మాటసాయం నేర్పారు. వాళ్లేమీ డాక్టర్లు కారు. గర్భిణులుగా ఉన్నప్పుడే దిగులుతో ఉన్నవాళ్లలో, కాన్పయిన ఆరు నెలలకు ఇంకా దిగులుతో ఉన్నది నూటికి 23 మందే. ఆ సాయం అందని ఊళ్లలో 53 మంది. 2008లో లాన్సెట్‌లో వచ్చిన లెక్క ఇది.

మన దగ్గర సుగ్గి వలస ఒకటుంది. కోసిగి, పెద్దకడుబూరు వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు పోయే కాలంలో పుట్టిల్లు ఉన్నా అమ్మ ఉండదు. అవ్వ ఒక్కతే దిక్కు. మొగుడు బెంగళూరులో బిల్డింగు పనిలో ఉంటాడు. మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరలేదు, బిడ్డ ముఖం ఫోన్‌లోనే చూశాడు. అతని గుబులు ఎవరి రిజిస్టరులోనూ ఎక్కదు. 2022లో మొదలైన మానసిక సాయపు ఫోన్ లైను టెలీమానస్ 14416కు అక్కడి నుంచైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు ఆడవాళ్ల వార్డు గోడ మీదే కాదు, కూలీలు బస్సెక్కే చోటా అంటించాలి.

ఆశాలకు ఇప్పటికే చాకిరీ తలకు మించింది. ఇదీ వాళ్ల నెత్తినేనా అంటే నా దగ్గర సమాధానం లేదు. కానీ ఆ మంచం దాకా వెళ్లేది వాళ్లే. అడిగాక పంపడానికి చోటు కూడా దగ్గరుండాలి. పచ్చి బాలింతను, పసిగుడ్డును ఆదోని నుంచి సుమారు వంద కిలోమీటర్లు బస్సులో కర్నూలు పెద్దాసుపత్రికి పొమ్మంటే ఎవరు పోతారు? కాన్పుల వార్డు పక్కనే వారానికో పూట మానసిక వైద్యులు కూర్చోవాలి, బిడ్డకు టీకా వేయించుకునే రోజునే.