ఎండని చేప, రాని నిద్ర

శెనక్కాయ పంట చేతికొచ్చినా రాకపోయినా, ఆ తర్వాత మా కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో వయసులో ఉన్నవాళ్లు చాలామంది బెంగుళూరు బస్సెక్కుతారు. పిల్లలు అవ్వల దగ్గర ఉండిపోతారు. మా పక్కింటి నాలుగేండ్ల పాపా అంతే. వాళ్లవ్వ కంటి ఆపరేషన్‌కు అనంతపురం పోయినప్పుడు పాప పది రాత్రులు నా దగ్గర పండుకుంది.

మొదటి రాత్రి తప్పు చేశాను. గంటసేపు బతిమాలి, విసిగి, "పండుకోకుంటే బూచోడొస్తాడు" అన్నాను. పిల్ల గమ్మునైంది కానీ నిద్రపోలేదు. కండ్లు గట్టిగా మూసి, నా కొంగు పిడికిట్లో బిగించి మేలుకునే ఉంది. ఆ పిడికిలి వదులయ్యేసరికి అర్ధరాత్రి దాటింది. రెండో రాత్రి పక్క మీదే వాళ్లమ్మకు వీడియో కాల్ చేశాను. ఫోన్ పెట్టేశాక ఏడుపు రెట్టింపయింది. "అత్తా, అమ్మ రేపొస్తాదా?" అనడిగితే "వస్తాదిలేమ్మా" అనేశాను. తెల్లారగానే పోయి, బస్సు కోసం అరుగు మీద కూర్చుంది.

ఆ రోజే పద్ధతి మార్చాను. అమ్మతో మాటలు దీపాలు పెట్టే వేళకే, అన్నానికి ముందే. అమ్మ వచ్చేది ఉగాదికని నిజం చెప్పి, ఎన్ని రాత్రులున్నాయో అన్ని శెనక్కాయలు ఇద్దరం లెక్కపెట్టి డబ్బాలో వేశాం. రాత్రికొకటి తీసి చెంబులో వేస్తుంది. ఆ తర్వాత లైటార్పి ఏడు చేపల కథ.

ఊ కొడితేనే కథ. చేప దగ్గర ఊ గట్టిగా వినబడేది. గడ్డిమోపు దగ్గర ఆలస్యమయ్యేది. ఆవు దగ్గరికొచ్చేసరికి ఊపిరే ఊ అయ్యేది. అది ఆగినా నేను ఆపేదాన్ని కాదు. మాట ఉన్నట్టుండి ఆగితే పిల్ల ఉలిక్కిపడుతుంది. గొంతు తగ్గించుకుంటూ చీమ దాకా చెప్పేదాన్ని.

చిన్నప్పటి నుంచీ విన్న కథే. ఈసారి కొత్తగా వినిపించింది. చేప ఎండకపోవడానికి కారణం వెతుక్కుంటూ పోతే, అవ్వను పని చేసుకోనివ్వని పసివాడి ఏడుపు తగులుతుంది. వాడినీ ఎందుకేడుస్తున్నావని అడిగితేనే చీమ బయటపడుతుంది. మా పాపకు నిద్రెందుకు రాలేదు? అమ్మ బెంగుళూరులో ఉంది. అమ్మెందుకు పోయింది? పంట రాలేదు. పంటెందుకు రాలేదు? వాన లేదు. నైరుతి మబ్బుల్ని చాలావరకు పడమటి కనుమలే ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు మా దాకా వచ్చేసరికి పలచబడతాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూ పడే వాన, ఒక పసిబిడ్డ పక్క దాకా వస్తుంది.

మూడు, నాలుగేండ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. వానను మనం తేలేం. ఆ నిద్రను కాపాడగలం. మీ దగ్గర పండుకునే బిడ్డను బూచోడి పేరు చెప్పి బెదిరించకండి. నిద్రెందుకు రావడం లేదో అడగండి. చెప్పిందాకా వినండి.