పుట్టింటి కబుర్లు: పెద్దకూతురికి విక్టోరియా రాణి ఉత్తరాలు

1858 ఫిబ్రవరి 2న లండన్‌లో మంచు పడుతోంది. పెళ్లయిన ఎనిమిదో రోజున పదిహేడేళ్ల విక్కీ అత్తవారింటికి బయలుదేరింది. పెళ్లికొడుకు ప్రష్యా యువరాజు ఫ్రెడరిక్ విలియం. తండ్రి ఆల్బర్ట్ గ్రేవ్సెండ్ రేవు దాకా వెళ్లి ఓడ ఎక్కించి వచ్చాడు. తల్లి విక్టోరియా రాణి బకింగ్‌హామ్ భవనంలోనే వీడ్కోలు చెప్పింది. బండి కదిలిన ఆ రోజే కూతురికి మొదటి ఉత్తరం రాసింది. అలా మొదలైన రాత 1901 జనవరిలో రాణి కన్నుమూసే కాలం దాకా సాగింది. తల్లివీ కూతురివీ కలిపితే ఉత్తరాలు దాదాపు ఎనిమిది వేలు.

చరిత్రకారులు వీటిలో మంత్రివర్గాల గొడవల కోసం, ప్రష్యా రాజకీయ నాయకుడు బిస్మార్క్ కోసం వెతుకుతారు. దొరుకుతాయి కూడా. కానీ ఈ ఉత్తరాలను నిలబెట్టింది రాజకీయం కాదు, ఇంటి కబుర్లు. ఎవరు చిక్కిపోయారు, ఎవరికి ఎవరిని చూస్తున్నారు, చంటిపిల్ల ఏం మాట్లాడింది, ఏ గదిలో చలి ఎక్కువ. ఇలాంటి మాటలతో నలభై మూడేళ్లు చదివించడం పెద్ద పనితనం. ఆ పనితనం ఎక్కడుందో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన పాత ఉత్తరాల్లో 'ఉభయకుశలోపరి' దాటితేగాని అసలు సంగతి రాదు. రాణికి అలాంటి గడప లేదు. పైన ఊరి పేరు, తేదీ ఉంటాయి. విండ్సర్, ఆస్బర్న్, బాల్మోరల్ అన్న పేరు చూడగానే తల్లి ఏ ఇంట్లో, ఏ కిటికీ దగ్గర కూర్చుందో కూతురికి తెలిసిపోతుంది. ఆ పైన నేరుగా మాటే. వాక్యం మధ్యలో అడ్డగీత పెట్టి ఇంకో సంగతిలోకి దూకేస్తుంది. గొంతు పెంచాల్సిన చోట మాట కింద గీత గీస్తుంది, ఇంకా పెంచాలంటే రెండో గీత. పుటలో ఆ గీతల్ని చూస్తూ పోతే చాలు, ఎక్కడ విసుక్కుందో, ఎక్కడ మురిసిపోయిందో చెవికి వినబడుతుంది. నిశ్శబ్దమైన కాగితం మీద ఉచ్చారణను నిలపడానికి ఆమె కనుక్కున్న పద్ధతి అది.

ఇంకొంచెం దగ్గరగా చూస్తే మరో సంగతి తెలుస్తుంది. ఈమె ఇంటిని ఎప్పుడూ వర్ణించదు. ఆస్బర్న్ తోట ఎలా ఉంటుందో, బాల్మోరల్ కొండలు ఏ రంగులో ఉంటాయో కూతురికి తెలుసు. అందుకని మారినది మాత్రమే రాస్తుంది. విక్కీ వెళ్లేనాటికి చివరి చెల్లెలు బియాట్రిస్‌కు ఇంకా ఏడాది నిండలేదు. ఉత్తరం వెంట ఉత్తరంలో ఆ పాప పెరుగుతుంది, మాటలు నేర్చుకుంటుంది, అల్లరి చేస్తుంది. అక్క కళ్లముందు జరగాల్సిన ఎదుగుదలను తల్లి వాయిదాల్లో పంపింది. చదువుతున్న పుస్తకాలకూ అదే వరస. 1858లో ట్రోలోప్ నవల 'బార్చెస్టర్ టవర్స్' భర్తకు చదివి వినిపించింది. అందులో ప్రేమ పాలు తక్కువనీ, ఆ మనుషులు తనకు పట్టలేదనీ కూతురితో చెప్పేసింది. అది సమీక్ష కాదు. భోజనాల బల్ల దగ్గర కూతురు ఉండి ఉంటే వినేదే కాగితం మీద పెట్టింది.

తెలిసిన ఇంటి విషయంలో ఇంత పొదుపు చూపిన మనిషి, తెలియని ఇంటి విషయంలో ప్రశ్నల వర్షం కురిపిస్తుంది. నీ గదులు ఎలా ఉన్నాయి, ఏ గౌను వేసుకున్నావు, ఎవరెవరు వచ్చారు, ఏమన్నారు. బెర్లిన్ పాత కోటలోని చీకటి గదులు, అక్కడి వసతుల లేమి తల్లికి పెద్ద బెంగ. ఈ ప్రశ్నలు ఒట్టి ఆరా కాదు. కూతురు తిరుగుతున్న చోటు కంటికి కనబడితేగాని ఆమెకు తోచదు. పుట్టింటి సంగతి రెండు ముక్కల్లో చెప్పడం, అత్తింటి సంగతి నూరు ప్రశ్నలతో రాబట్టడం: ఈ ఉత్తరాల నడక అంతా ఈ రెండింటి మధ్యే.

కంటికి కనబడాలన్న ఆ పట్టుదల వెనుక ఒక శిక్షణ ఉంది. రాణి నీటిరంగుల చిత్రాలు వేసేది. 1846లో ఎడ్వర్డ్ లియర్ దగ్గర కొన్ని పాఠాలు నేర్చుకుంది. ఆ తర్వాత విలియం లైటన్ లీచ్ ఏళ్ల తరబడి నేర్పాడు. అందుకే ఎవరి గురించి కబురు చెప్పినా ముందు ముఖం వస్తుంది: ముక్కు, గడ్డం, మేనిఛాయ, జుట్టు. గుణం ఆ తర్వాతే. ఈ కంటికి దయ తక్కువ, కన్నబిడ్డలకూ మినహాయింపు లేదు. పెద్ద కొడుకు బెర్టీ, అంటే తర్వాతి ఏడవ ఎడ్వర్డ్ రాజు, ముక్కూ నోరూ మరీ పెద్దవనీ, జుట్టు నెత్తికి అతుక్కుపోయేలా దువ్వుతాడనీ, బట్టలు వేసుకోవడం రాదనీ అక్కకు ఫిర్యాదు చేసింది. చదువుతుంటే నవ్వొస్తుంది. పొగడ్తతో ఏ ముఖమూ గుర్తుండదు, ఈ ఫిర్యాదుతో బెర్టీ ఎదురుగా నిలబడతాడు.

దాపరికం లేకపోవడం ఈ ఉత్తరాలకు రెండో బలం. తొమ్మిది మందిని కన్న తల్లి ఆమె. 1853లో లియోపోల్డ్ పుట్టినప్పుడు డాక్టర్ జాన్ స్నో చేత క్లోరోఫాం ఇప్పించుకుంది. కొత్తగా కాపురానికి వెళ్లిన కూతురికి పెళ్లిలోని చీకటి వైపు కూడా దాచకుండా చెప్పింది. కూతురు నెల తప్పిందన్న కబురుకు సంబరపడలేదు, బాధపడింది. కడుపుతో ఉండటంలో పవిత్రత ఏమీ కనబడదనీ, పసికందులు మొదటి నెలల్లో కప్పల్లా ఉంటారనీ ఆమె అభిప్రాయం. ఆ కాలంలో అచ్చయిన మాతృత్వ స్తోత్రాల పక్కన పెట్టి చదివితే ఈ మాటల విలువ తెలుస్తుంది. మాటలతో ఆగలేదు కూడా. 1859 జనవరి 27న విక్కీ తొలి కాన్పుకు సర్ జేమ్స్ క్లార్క్ అనే వైద్యుణ్ణి, ఒక మంత్రసానిని, క్లోరోఫాం సీసాను బెర్లిన్ పంపింది. ఆనాడు ఎంతో కష్టం మీద పుట్టిన బిడ్డే తర్వాతి కైజర్ విల్హెల్మ్.

ఆ కాన్పుకు మూడు నెలల ముందే, 1858 నవంబర్ 1న, రాణి ప్రకటన అలహాబాదులో చదివారు. మన మద్రాసు రాజధానితో సహా ఈస్టిండియా కంపెనీ ఏలుబడి అంతా ఆమె పేరు మీదికి వచ్చింది. కోట్లాది మంది తలరాత మార్చిన ఆ శరదృతువులోనూ తల్లి ఉత్తరాల్లో ముందు నిలిచింది కూతురి ఆరోగ్యమే.

కబుర్లలో మనవాళ్లకు ఎక్కువ నచ్చేది సంబంధాలు చూసే ఘట్టం. బెర్టీకి పిల్లను వెతికే బాధ్యత జర్మనీలో ఉన్న అక్క మీద పడింది. ఫొటోలు అటూ ఇటూ తిరిగాయి. ఫలానా పిల్లకు పళ్లు బాగాలేవు, ఫలానా పిల్లకు అందం చాలదు అన్న చర్చలు మన పెళ్లిళ్ల పేరయ్యకు ఏమాత్రం తీసిపోవు. చివరికి డెన్మార్క్ అలెగ్జాండ్రాను విక్కీ స్వయంగా చూసి మెచ్చుకుంది. 1861 సెప్టెంబర్‌లో ష్పేయర్ చర్చిలో, అనుకోకుండా తటస్థపడినట్టుగా, పెళ్లిచూపులు జరిపించింది. డెన్మార్క్‌కూ ప్రష్యాకూ పొసగని రోజులవి. 1864లో ఆ రెండు దేశాలూ యుద్ధానికే దిగాయి. ఇక్కడ ఇంటి కబురుకూ విదేశాంగ వ్యవహారానికీ మధ్య గోడ లేదు. రాణి ఆ గోడ కట్టే ప్రయత్నమూ చేయలేదు.

లోపం లేదా అంటే ఉంది. ప్రేమ పెత్తనంగా మారిన పుటలు చాలా ఉన్నాయి. జవాబు ఆలస్యమైతే చీవాట్లు, అడిగిన ప్రశ్న మరిచిపోతే చీవాట్లు. 1858 చివర్లో ఈ ఒత్తిడి పిల్లకు భారమవుతోందని రాజకుటుంబానికి పాత సలహాదారైన ముసలి బారన్ స్టాక్‌మర్, బ్రిటిష్ రాజకీయ నాయకుడు లార్డ్ క్లారెండన్ ద్వారా కబురు పెట్టాల్సి వచ్చింది. ఆల్బర్ట్ కల్పించుకున్నాడు. రాణి నొచ్చుకుంది, అయినా రాత ఆపలేదు. 1861 డిసెంబర్ 14న ఆల్బర్ట్ పోయాక నల్ల అంచు కాగితాలు వచ్చాయి. అవి ఆమె చివరి రోజుల దాకా పోలేదు. కొన్నేళ్ల పాటు ఏ కబురు ఎత్తుకున్నా చివరికి ఆ లోటు దగ్గరికే చేరుతుంది. ఆ భాగం చదవడం కష్టమే. కానీ దుఃఖంలోనూ వివరం మాత్రం వదలలేదు.

ఇవన్నీ మనదాకా రావడం ఒక అదృష్టం. రాణి దినచర్య పుస్తకాలను ఆమె తర్వాత బియాట్రిస్ కుదించి తిరగరాసి, మూలాలను తగలబెట్టింది. ఇప్పుడున్న 141 సంపుటాల్లో చాలా వరకు బియాట్రిస్ చేతిరాతే. విక్కీకి రాసినవి ఇల్లు దాటి జర్మనీ వెళ్లాయి కాబట్టి ఆ కత్తెరకు చిక్కలేదు. విక్కీ కట్టించుకున్న క్రోన్‌బర్గ్ కోటలో భద్రంగా ఉన్నాయి. 1945లో యుద్ధం ముగియగానే రాజభవన గ్రంథపాలకుడు ఓవెన్ మోర్స్‌హెడ్, కళాచరిత్రకారుడు ఆంథనీ బ్లంట్ వెళ్లి వాటిని విండ్సర్ చేర్చారు. తర్వాత తిరిగి పంపారు.

1964 నుంచి 1981 దాకా రోజర్ ఫుల్‌ఫర్డ్ ఐదు సంపుటాలుగా ఎంపికలు ప్రచురించాడు. చివరి సంపుటం 1990లో అగథా రామ్ సంపాదకత్వంలో వచ్చింది. అన్నీ చదవాల్సిన పని లేదు. 1858 నుంచి 1861 దాకా ఉన్న మొదటి సంపుటం 'డియరెస్ట్ చైల్డ్' అందరికంటే ముందు చదవదగ్గది. తల్లీ కూతుళ్ల గొంతులు అందులో ఉన్నంత తాజాగా తర్వాత ఎక్కడా లేవు. రాణి ఏలుబడిని ఎవరు ఎలా తూచినా సరే, ఇంటి కబురు చెప్పడంలో మాత్రం ఆమెది ఆరితేరిన చెయ్యి.