చేయి ఆడకపోతే బుద్ధి ఆడదా?

శ్రీశైలంలో పాతాళగంగకు దిగే మెట్ల వద్ద ఒక బాలుడు నడవలేక ఆగిపోయినాడనుకొందాము. ఆ మెట్లు అతని కాళ్ళ సత్తువను తెలుపునే గాని బుద్ధిని తెలుపవు. తరగతి గదిలో మాత్రం ఈ రెంటినీ ఒకటిగా లెక్కించుట కద్దు. 2011లో వెలువడిన మాలినీ ఛిబ్ ఆత్మకథ ‘వన్ లిటిల్ ఫింగర్’ ఈ పొరపాటును ఎత్తి చూపుతుంది.

రచయిత్రికి సెరిబ్రల్ పాల్సీ, అనగా మస్తిష్క పక్షవాతం. నడక లేదు, మాట స్పష్టంగా రాదు. అయినను ఆమె బొంబాయిలో పట్టభద్రురాలై, లండన్‌లో రెండు స్నాతకోత్తర పట్టాలు పొందారు. ఒక్క వేలితో టైపు చేసి ఈ గ్రంథాన్ని వ్రాశారు.

ఎదుగుతున్న మెదడులో కదలికలను నడిపే భాగాలు దెబ్బతినుట వలన ఈ స్థితి కలుగుతుంది. ఆ దెబ్బ ఎంత మేరకు సోకినదో దానిని బట్టి బుద్ధి తగ్గవచ్చును, తగ్గకపోవచ్చును. కదలిక లోపం తీవ్రమైన కొద్దీ బుద్ధిమాంద్యం తరచుగా కనబడుట నిజమే. కాని ఒక్కొక్క బిడ్డ విషయంలో అది తీర్పు కాజాలదు. 1997లో రూపొందిన అయిదంతస్తుల కొలమానం కూడ కదలికనే కొలుచును, తెలివిని కాదు.

ఈ గ్రంథాన్ని చదివి, ఇట్టి ప్రతి బిడ్డలోను ఒక పట్టభద్రుడు దాగియున్నాడని భ్రమపడరాదు. సుమారు సగంమందికి బుద్ధిమాంద్యం కూడ ఉంటుంది. ఇది వారి కథ కాదు; అయినను 2016 నాటి చట్టం ప్రకారం బడిలో వారికీ చోటున్నది.

కాబట్టి ఉపాధ్యాయులు మార్కులు వేయుటకు ముందు ప్రశ్నను మరొక విధంగా అడిగి చూడవలెను: నోటితో చెప్పించి, బొమ్మను చూపించమని, కంటిచూపుతో ఎంచుకొమ్మని. పాతాళగంగకు మెట్లదారి ఒక్కటే కాదు, రోప్‌వే కూడ ఉన్నది గదా!