గోధుమలు దంచిన చేతులు

రంజాన్ నెలలో కువైట్ ఇళ్ల పొయ్యిల మీద హరీస్ ఉడుకుతూ ఉంటుంది. రాత్రి నానబెట్టిన గోధుమలు, మాంసం కలిపి సన్నసెగన గంటల తరబడి ఉడికించాలి. ఎముకలు ఏరేసి, గోధుమ ఏదో మాంసం ఏదో తెలియనంతగా మెదపాలి. పైన నెయ్యి, దాల్చినచెక్క పొడి, చక్కెర. మాంసం మీద చక్కెర మొదట్లో నాకు మింగుడు పడలేదు. ఇప్పుడు అది లేకుంటే తిన్నట్టే ఉండదు. మిక్సీలో తిప్పితే పని తొందరగా అవుతుంది గానీ ఆ సాగుడు రాదు. చేత్తో మెదపాల్సిందే. హైదరాబాద్ బార్కస్‌లో అరబ్బు కుటుంబాల హరీస్ తిన్నవాళ్లకు ఈ రుచి కొత్తేం కాదు.

పదో శతాబ్దంలో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాక్ కూర్చిన బాగ్దాద్ వంటల పుస్తకంలోనే హరీస్ ఉంది. నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం ఇంగ్లండు. 1390 ప్రాంతంలో రెండో రిచర్డ్ రాజు వంటవాళ్లు కూర్చిన ‘ఫార్మ్ ఆఫ్ క్యూరీ’లో ఫ్రుమెంటీ అనే వంటకం ఉంది. గోధుమలను రోట్లో పొట్టు పోయేదాకా దంచి, కడిగి, పగిలేదాకా ఉడికించి, పాలు, గుడ్డుసొన, కుంకుమపువ్వు చేర్చి కొవ్వు పట్టిన జింకమాంసంతో వడ్డించేవారు. చర్చి మాంసం వద్దన్న రోజుల్లో బాదంపాలతో చేసి, పక్కన డాల్ఫిన్‌ను పోలిన పార్పాయిస్ మాంసం పెట్టేవారు. ఆ కాలం లెక్కలో సముద్రంలో బతికే ఆ జంతువు కూడా చేపే!

ఒకటి చూసి ఇంకొకటి పుట్టిందని నేననను. పొట్టు వదలాలంటే అప్పట్లో ఏ దేశంలోనైనా రోకలి పట్టాల్సిందే. కువైట్‌లోనూ ఒకప్పుడు రంజాన్‌కు ముందు ఆడవాళ్లు ఒకచోట చేరి, మన దంపుడు పాటల మాదిరే పాడుకుంటూ గోధుమలు దంచేవారు. ఇప్పుడు పొట్టు తీసిన గోధుమలు ప్యాకెట్లలో దొరుకుతున్నాయి.

రాజుగారి వంటవాళ్ల పుస్తకం ఆరు వందల ఏళ్లు దాటినా నిలిచింది. అందులో గోధుమలు దంచినవాళ్ల ఊసు లేదు. ఇవాళ ఇక్కడ కువైట్‌లో హరీస్ మెదిపే చేతుల్లో కడప, రాయచోటి, రాజంపేట, కోనసీమల నుంచి వచ్చిన మన ఆడవాళ్లవి ఎన్నో ఉన్నాయి. అరబ్బీలో ఒక్క అక్షరం రాకపోయినా, ఇంటి యజమానురాలు ‘మామా’ చెప్పింది చెవిన పెట్టుకుని నేర్చుకున్న వంట అది. ఏ గోధుమకు ఎన్ని నీళ్లు, ఎప్పుడు సెగ తగ్గించాలి అన్నది వాళ్లకు కంటిచూపుతోనే తెలుసు.

అక్కా, మీరు హరీస్ ఎలా చేస్తారో తెలుగులో రాసి పెట్టండి. రాయడం రాకపోతే ఫోన్‌లో చెప్పి పిల్లలకు పంపండి. మీ పేరూ, మీ ఊరి పేరూ చెప్పడం మాత్రం మరవద్దు.