"సులభం" అన్న మాట: ఆర్.ఎఫ్.సి. 2827 ఒక విమర్శనాత్మక పఠనం

ఐపీ ప్యాకెట్ శీర్షికలో పంపినవారి చిరునామా, చేరవలసిన చిరునామా రెండూ ఉంటాయని మీరు ఇంతకు ముందే చదివారు. దారి నిర్ణయించేటప్పుడు రౌటరు సాధారణంగా రెండోదానినే చూస్తుంది. మొదటిది నిజమైనదా, కల్పితమా అన్నది దానికి పట్టదు. ఉత్తరం మీద పంపినవారి స్థానంలో ఎవరి పేరు రాసినా పోస్టుమాన్ చేరవేస్తాడు కదా, ఇదీ అలాంటిదే. ఈ లోపానికి విరుగుడుగా వచ్చిన పత్రమే ఆర్.ఎఫ్.సి. 2827. దీనిని ఈ భాగంలో సాంకేతిక నియమంగా మాత్రమే కాక ఒక రచనగా కూడా చదువుదాం. నియమపత్రానికి విమర్శ ఏమిటని మీకు సందేహం కలగవచ్చు. అది కూడా కొందరు మనుషులు మరికొందరికి చెప్పిన మాటే. ఆ మాట ఎలా చెప్పారు, విన్నవారి మధ్య ఏం జరిగింది అన్నవి పరిశీలించదగిన విషయాలే.

పాల్ ఫెర్గూసన్, డేనియల్ సెనీ దీని రచయితలు. 1998 జనవరిలో ఆర్.ఎఫ్.సి. 2267గా వచ్చిన పత్రాన్ని సవరించి 2000 మే నెలలో 2827గా వెలువరించారు. బి.సి.పి. 38 అని దీనికి మరో పేరు. ఇందులోని సూచన చిన్నదే. ఒక కళాశాలకు సర్వీస్ ప్రొవైడర్ 192.0.2.0 నుంచి 192.0.2.255 వరకు చిరునామాలు కేటాయించాడనుకోండి. ఆ కళాశాల వైపు నుంచి 198.51.100.7 అనే చిరునామా పెట్టుకుని ఒక ప్యాకెట్ వస్తే, ప్రొవైడర్ దానిని తన గడప దగ్గరే ఆపివేయాలి. ప్యాకెట్‌లో ఏముంది, పంపినవాడి ఉద్దేశం ఏమిటి అన్న విచారణ లేదు. ఈ చిరునామా ఈ వైపు నుంచి రావచ్చా, రాకూడదా అన్నదొక్కటే ప్రశ్న.

రచయితల నిజాయితీని మెచ్చుకోవాలి. అసలైన చిరునామాల నుంచే వరదలా వచ్చిపడే దాడిని ఈ పద్ధతి ఆపలేదని వారే ఒప్పుకున్నారు. మొబైల్ ఐపీ వంటి సేవలకు ఇబ్బంది కలుగుతుందని కూడా చెప్పారు. చిరునామా అబద్ధం కాకపోతే దాడి మూలాన్ని వెతకడం తేలికవుతుందన్న వాదన బలమైనదే.

నా అభ్యంతరం మరొకచోట ఉంది. ఈ పద్ధతి సులభమనీ, సూటిగా పనిచేస్తుందనీ పత్రం మొదట్లోనే ప్రకటిస్తుంది. నెట్‌వర్క్ నిర్వాహకులందరికీ దీని బాధ్యత ఉందని చివర్లో అంటుంది. కానీ ఖర్చు ఎవరిది, లాభం ఎవరిది అన్న ప్రశ్న దగ్గర తగినంతసేపు నిలవదు. నా రౌటరులో నేను పెట్టిన వడపోత ప్రధానంగా నన్ను కాపాడదు. ఎక్కడో ఉన్న అపరిచితుణ్ణి కాపాడుతుంది. పొరపాటున నా కస్టమర్ ప్యాకెట్లు ఆగిపోతే మాత్రం తిట్లు తినేది నేను. ఇంత అసమానమైన బేరాన్ని "సులభం" అన్నప్పుడు, చేయనివాడు సోమరో, అజ్ఞానో, దాడికి తోడుదొంగో అయి తీరాలి. నిపుణుల మధ్య దశాబ్దాలుగా నడుస్తున్న నిష్ఠూరాలకు విత్తనం ఈ మాటలోనే ఉందని నా అభిప్రాయం. (బి.సి.పి. అంటే ప్రస్తుతపు ఉత్తమ ఆచరణ. "ఉత్తమ" అని పేరులోనే చేరాక పాటించనివారికి ఏ పేరు మిగులుతుందో మీరే ఊహించండి.)

సులభం కాదని తేలడానికి నాలుగేళ్లు పట్టింది. ఒకే సంస్థ ఇద్దరు ప్రొవైడర్ల నుంచి కనెక్షన్ తీసుకుంటే ప్యాకెట్ వెళ్ళే దారి, తిరిగి వచ్చే దారి వేరు కావచ్చు. అప్పుడు కఠినమైన వడపోత నిజమైన ప్యాకెట్లను కూడా పారవేస్తుంది. 2004లో వచ్చిన ఆర్.ఎఫ్.సి. 3704, అంటే బి.సి.పి. 84, ఈ చిక్కును వివరంగా చర్చించింది. కఠినంగానూ, సడలించిగానూ వడపోసే పద్ధతులను వేరుచేసి చూపింది. రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టి చదవండి. రెండోదాని గొంతులో తొందర తక్కువ, అనుభవం ఎక్కువ.

ఇది మాటల పోరుతో ఆగే విషయం కాదు. 2013 మార్చిలో, స్పామ్ పంపే చిరునామాల జాబితాలు తయారుచేసే స్పామ్‌హౌస్ సంస్థపై పెద్ద దాడి జరిగింది. ఒక హోస్టింగ్ సంస్థ చిరునామాలను ఆ జాబితాలో చేర్చడంపై రేగిన వైరం దీనికి నేపథ్యం. దాడి చేసినవారు స్పామ్‌హౌస్ చిరునామానే పంపినవారి చిరునామాగా పెట్టి, ఎవరు అడిగినా జవాబిచ్చే డీఎన్ఎస్ సర్వర్లకు చిన్న చిన్న ప్రశ్నలు పంపారు. పెద్ద పెద్ద జవాబులు బాధితుడి మీద పడ్డాయి. ఆ వరద సెకనుకు సుమారు 300 గిగాబిట్ల వరకు చేరిందని అప్పట్లో ప్రకటించారు. బి.సి.పి. 38 వచ్చి అప్పటికి పదమూడేళ్లు. చిరునామాల జాబితా మీద మొదలైన మనుషుల పగ, చిరునామాల వడపోత లేని చోట్ల నుంచే దారి చేసుకుంది.

మరొక పత్రాన్ని కూడా ఇక్కడ చూడాలి. బి.సి.పి. 84కు ముందు సంఖ్య గల బి.సి.పి. 83 కూడా 2004లోనే వచ్చింది. దాని ఆర్.ఎఫ్.సి. సంఖ్య 3683, రచయిత మార్షల్ రోజ్. ఐఈటీఎఫ్ ఈమెయిల్ చర్చలను పదే పదే భంగపరిచే వ్యక్తికి రాసే హక్కును ఎలా తీసివేయాలో అది చెబుతుంది. అభ్యంతరకరమైన సందేశాలను చూపాలి, సభ్యుల అభిప్రాయం కోరాలి. నిర్ణయమైతే కనీసం ఏడాది పాటు నిషేధం ఉండటం మంచిది. ప్యాకెట్లకు ఒక వడపోత, మనుషులకు ఒక వడపోత. అయితే మొదటిది ఉద్దేశాన్ని అడగదు, రెండోది ప్రవర్తనను చూడక తప్పదు. అందుకే అక్కడ సాక్ష్యం, చర్చ, గడువు అవసరమయ్యాయి. "సులభం" అనే ధైర్యం ఆ రచయిత చేయలేదు. 2827 కూడా వడపోత పెట్టలేకపోయిన నిర్వాహకుడితో మాట్లాడేటప్పుడు ఆపాటి జాగ్రత్త చూపి ఉండవలసింది. ఎవరికి కష్టం, ఎందుకు కష్టం అన్న ఒక్క అధ్యాయం అందులో లేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పైన చెప్పిన కళాశాల రెండో ప్రొవైడర్ నుంచి కూడా కనెక్షన్ తీసుకుందనుకోండి. కఠినమైన వడపోత వల్ల ఆ కళాశాలకు కలిగే ఇబ్బందిని, నిర్వాహకుణ్ణి నిందించకుండా, పది వాక్యాలలో వివరించండి.