కనెక్షను ఎంతసేపు నిలువవలెను? – ఒక విమర్శ

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల నుండి మా తరగతికి వచ్చు విద్యార్థులు ఒక చిట్కా చెప్పుచుందురు. ఫైర్‌ఫాక్సు బ్రౌజరులో ‘అబౌట్ కాన్ఫిగ్’ పుట తెరచి, ‘కీప్ అలైవ్ టైమౌట్’ వద్దనున్న 115 సెకండ్లను 600 చేసినచో పుటలు వేగముగా వచ్చునట! ఇందులో సత్యమెంతయో చూతము.

పుటను తెచ్చుటకు ముందు బ్రౌజరునకు, సర్వరునకు నడుమ కనెక్షను ఏర్పడవలెను. 1996 నాటి హెచ్.టి.టి.పి. 1.0 నియమావళిలో సాధారణముగా ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క కనెక్షను కావలసివచ్చెడిది. 1997 నాటి 1.1 నియమావళి ఒకే కనెక్షనును పలుమార్లు వాడుకొనుట ఆనవాయితీ చేసినది. ప్రొద్దుటూరు బట్టల వర్తకుడు పులివెందుల దుకాణమునకు ఫోను చేసి, చీరకొకసారి పెట్టివేయక, జాబితా అంతయు ఒక్కసారే చదువుట వంటిదిది. జాబితా ముగిసిన పిదప మౌనముగా ఫోను పట్టుకొని యుండు గడువే టైమౌటు.

చిట్కాలో కొంత నిజము లేకపోలేదు. సందేశము పోయి వచ్చుటకు 0.1 సెకండు పట్టుననుకొందము. కొత్త కనెక్షనుకు టి.సి.పి. కొరకు ఒక రాకపోక, టి.ఎల్.ఎస్. 1.3 రక్షణ కొరకు మరొకటి కావలెను. పాత కనెక్షను నిలిచియున్నచో ఆ 0.2 సెకండు మిగులును. అంతే!

కాని ఫోనుకు రెండు కొనలున్నవి. అపాచీ సర్వరులో, ఎవరును మార్చనిచో, ఈ గడువు 5 సెకండ్లే. అవతలివారు 5 సెకండ్లకు పెట్టివేసినప్పుడు మనము 600 సెకండ్లు చెవి వద్ద పట్టుకొనిన ఫలమేమి? రెంటిలో తక్కువ గడువే చెల్లును.

పోనీ, పాఠశాల సర్వరులోను గడువు పెంచుదమా? కనెక్షనుకొక సేవకుని కేటాయించు పద్ధతిలో 20 మంది సేవకులు, 40 మంది విద్యార్థులు ఉన్నారనుకొనుడు. మొదటి 20 మంది తాపీగా పుట చదువుచుండగా, సేవకులు ఊరక నిలిచియుందురు. తక్కిన 20 మంది పడిగాపులు పడుదురు. ఒకరి సౌకర్యము మరొకరికి అడ్డగును.

మరి, “మార్చగానే వేగము పెరిగినది” అని విద్యార్థులు ఏల చెప్పుదురు? అదే పుటను మరల తెరచిరి. బ్రౌజరు తన నిల్వలోని ప్రతిని చూపినది. ఆ ఘనత చిట్కాకు దక్కినది!

అంకె మార్చుట తప్పు కాదు. పరీక్షింపక నమ్ముట తప్పు. ఉపాధ్యాయులు ఒక పని చేయింపవచ్చును: ఎఫ్12 మీట నొక్కి, ‘నెట్‌వర్క్’ పట్టికలో నిల్వను నిలిపివేసి, మార్పునకు ముందు పదిమార్లు, తరువాత పదిమార్లు కాలము కొలిపించి, సగటులు పోల్చింపుడు. ఒక్క మార్పు తప్ప తక్కినవన్నియు యథాతథముగా నుంచవలెనను ప్రయోగశాల నియమము కంప్యూటరు గదికిని వర్తించును.